కంటికి వెలుగు, పంటికి ఉపన్యాసం

ఊరికే వచ్చిన ఆవు పళ్లు లెక్కపెట్టొద్దని పెద్దలు చెప్పారు. పాపం, ఆ పెద్దలు ఉచిత దంత వైద్య శిబిరం చూసి ఉండరు. ఇక్కడ ఇచ్చేవాళ్లే పుచ్చుకునేవాళ్ల పళ్లు లెక్కపెట్టుకుని వెళ్లిపోతారు.

మార్చి 20 ప్రపంచ నోటి ఆరోగ్య దినం. సూర్యాపేట దగ్గర ఒక జడ్పీ హైస్కూలు. ఒంటిపూట బడులు నడుస్తున్న రోజులు. పొద్దున్నే ఒక కాలేజీ బస్సు వచ్చి వేపచెట్టు కింద ఆగింది. ముందు ఫ్లెక్సీ దిగింది, తర్వాత తెల్లకోట్లు దిగాయి. ఫ్లెక్సీ మీద 11 మంది పెద్దల ముఖాలు, మూలన ఒక పన్ను బొమ్మ. ఆ పన్నుకు కళ్లున్నాయి, చేతులున్నాయి, నోరుంది. నవ్వుతున్న ఆ నోట్లో మళ్లీ పళ్లున్నాయి. పన్నుకు కూడా పళ్లున్న శిబిరానికి, పళ్లు లేని ముసలివాళ్లందరినీ ఆటోల్లో తోలుకొచ్చారు. రిటైరైన తెలుగు మాస్టారిని కదా, సభకు నిండుదనంగా ఉంటుందని నన్నూ పిలిచి కుర్చీ వేశారు.

బస్సు ఏ చెట్టు కింద ఆగిందో ఆ చెట్టు పుల్లతోనే మూడు తరాలు పళ్లు తోమిన ఊరది. ఆ చెట్టు నీడలోనే ‘బ్రష్ పట్టుకోవడం ఎలా’ అన్న పాఠం మొదలైంది. బల్ల మీద ప్లాస్టిక్ దవడ పెట్టారు. గుమ్మడికాయంత ఉంది. దాన్ని తోమడానికి మూరెడు బ్రష్షు. నలభై అయిదు డిగ్రీల కోణంలో పెట్టాలి, చిన్నగా వణికించాలి, పైపళ్లను కిందికి, కిందిపళ్లను పైకి తుడవాలి. పిల్లలు కళ్లు పెద్దవి చేసుకుని చూశారు. మా ఊళ్లో ఆ రోజు ముప్పై రెండు పళ్లూ చక్కగా ఉన్న నోరు ఆ ప్లాస్టిక్ ఆసామిదొక్కటే.

తర్వాత కరపత్రాలు పంచారు. ‘దంతధావనం’, ‘దంతక్షయం’, ‘చిగుళ్ల శోథ’. ముప్పై ఏళ్లు తెలుగు చెప్పిన నేనే రెండోసారి చదివితే గానీ మింగుడు పడలేదు. మా దగ్గర పళ్లను పండ్లంటారు. పిప్పిపన్ను అంటే తెలుసు, పన్ను సలపడమంటే తెలుసు, దౌడ వాచిందంటే తెలుసు, గారపండ్లంటే అందరికంటే ఎక్కువ తెలుసు. ఎనిమిదో తరగతి పిల్లవాడు లేచి, ‘మేడం, దంతక్షయం అంటే పండ్లకొచ్చే టీబీనా?’ అని అడిగాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. క్షయ అంటే వాడికి తెలిసిన అర్థం అదొక్కటే. నోరున్నవాడి భాష నేర్చుకోకుండా నోటి జబ్బు గురించి చెప్పబోతే ఇట్లాగే ఉంటుంది.

అసలు కార్యక్రమం ఆ తర్వాత మొదలైంది. అదే లెక్క.

ఒక్కొక్కరినీ కుర్చీలో కూర్చోబెట్టి, నోరు తెరిపించి, అద్దం పెట్టి చూస్తూ ఒక అమ్మాయి అంకెలు చెబుతుంటే ఇంకో అబ్బాయి కాగితం మీద రాస్తున్నాడు. ఆ కాగితానికి నాలుగక్షరాల పేరుంది: డీఎంఎఫ్‌టీ. డీ అంటే పుచ్చినవి, ఎం అంటే ఊడినవి, ఎఫ్ అంటే సిమెంటు నింపినవి, టీ అంటే పళ్లు. 1938లో అమెరికాలో పుట్టిన లెక్క ఇది, ఇప్పటికీ ప్రపంచమంతా దీంతోనే పళ్లు ఎంచుతుంది. నేను ఆ అబ్బాయి వెనక నిలబడి చూస్తూనే ఉన్నాను. డీ గడి నిండుతోంది. వయసు పెరిగేకొద్దీ డీ లోంచి ఎం లోకి బదిలీ అవుతోంది. ఎఫ్ గడిలో సున్నా. మళ్లీ సున్నా. ముప్పై మందిని చూసేదాకా నిలబడ్డాను, ఎఫ్ గడి సున్నాల దండలా ఉంది. పుచ్చిన పన్ను ఊడేలోపు ఎవరైనా దాన్ని ఆదుకున్నారా అని అడిగే గడి అదొక్కటే. అసమానత అన్న మాట మీద పెద్ద పెద్ద సదస్సులు పెడతారు గానీ, అది ఆ గడిలోనే చక్కగా కూర్చుని ఉంది. కాగితం నింపే అబ్బాయికి అది తొందరగా రాసేయగల గడి, అంతే.

అవ్వ ఒకామె వంతు వచ్చింది.

‘అవ్వా, ఏ పేస్టు వాడతారు?’

‘పండ్లున్ననాడు పేస్టు లేకుండె బిడ్డా. పేస్టొచ్చినంక పండ్లు లేవు.’

ఆ అమ్మాయి ఒక్క క్షణం ఆగి, కాగితంలో ‘పేస్టు వాడరు’ అని రాయించింది. శాస్త్రం కవిత్వాన్ని ఇంతకంటే పొదుపుగా ఎక్కడా అనువదించి ఉండదు. అవ్వ చేతిలో వేలెడు పేస్టు ట్యూబు, ఒక బ్రష్షు పెట్టి పంపారు. ఆమె వాటిని మనవడికిచ్చి, ‘పండ్లు కట్టిస్తరంటే వచ్చిన’ అంది. ఆ మాట రాయడానికి కాగితంలో గడి లేదు.

కట్టించడం అంత వింతేమీ కాదు. కేరళలో ‘మందహాసం’ అని ఒక పథకముంది, పేద వృద్ధులకు ఉచితంగా పళ్ల సెట్లు కట్టిస్తుంది. కర్ణాటకలో ‘దంతభాగ్య’ ఉంది. మన దగ్గర 2018 ఆగస్టు 15న కంటి వెలుగు వచ్చింది. ఊరూరా బల్ల వేసి చూపు పరీక్షించారు, అద్దాలిచ్చారు. బాగుంది, మా ఇంట్లోనూ ఒక జత ఉంది. ఆ శిబిరంలో ఎవరూ కన్ను ఎంత విలువైనదో ఉపన్యసించి, కంటి బొమ్మ ఉన్న కరపత్రం చేతిలో పెట్టి, ‘రోజుకు రెండుసార్లు చూడండి’ అని పంపలేదు. అద్దాలిచ్చి పంపారు. పంటి దగ్గరికొచ్చేసరికి అద్దం అవతలివాళ్ల చేతిలో ఉంటుంది, మనం నోరు తెరిస్తే చాలు.

ఇక ఆ రోజు జరిగిన అసలు రసాభాస ఫ్లోరైడ్ దగ్గర. మైకు పట్టుకున్న విద్యార్థి స్లైడు చదువుతున్నాడు: ‘ఎల్లప్పుడూ ఫ్లోరైడ్ ఉన్న పేస్టునే వాడండి.’ వెనక బెంచీలో ఒక రైతు లేచాడు. ‘ఏంది సారూ, మళ్లా ఫ్లోరైడా? తాగింది సాల్దా?’

సభ నిశ్శబ్దమైపోయింది. ఆ అబ్బాయి తప్పు చెప్పలేదు. కొద్దిపాటి ఫ్లోరైడ్ పన్ను పైన తగిలితే పుచ్చకుండా కాపాడుతుంది. అదే లీటరు నీళ్లలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటి, పన్ను చిగురు లోపల తయారయ్యే ఏళ్లలో కడుపులోకి పోతే పింగాణీ మీద ముందు సున్నపు మచ్చలు, ఆ తర్వాత గోధుమరంగు గార. అందుకే చిన్నపిల్లలకు పేస్టు బఠానీ గింజ కంటే ఎక్కువ పెట్టొద్దు, మింగనివ్వొద్దు. ఈ నేలకు పనికొచ్చే ముక్క అదొక్కటే, ఆ స్లైడులో లేనిదీ అదొక్కటే. స్లైడు తయారైన చోట జనానికి ఫ్లోరైడ్ అంటే ట్యూబు మీద రాసిన మంచి మాట. ఇక్కడ అది బోరు నీళ్ల పేరు.

ఉమ్మడి నల్లగొండ జిల్లా వాళ్లకు పళ్ల మీద ‘అవగాహన’ కల్పించడమంటే చేపకు ఈత నేర్పినట్టు. మా దగ్గర బడి ముఖం చూడని రైతు కూడా పీపీఎం అన్న మాట వాడతాడు. అమెరికాలో కొలరాడో వైపు పిల్లల పళ్లు గోధుమరంగులో ఎందుకున్నాయో 1931 నాటికి తేల్చారు. డీన్ అనే వైద్యుడు ఊరూరా తిరిగి పిల్లల పళ్లు ఎంచాడు. ఆ ఎంచిన ఫలితంగా 1945లో గ్రాండ్ ర్యాపిడ్స్ అనే పట్నం నీళ్లలో ఫ్లోరైడ్‌ను తూకం వేసి కలిపారు. అక్కడ లెక్క ముగిశాక ఒక పని జరిగింది. మన దగ్గర 1937లోనే షార్ట్ అనే వైద్యుడు, ఆయన బృందం అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో పళ్లూ ఎముకలూ చూసి, ఇది నీటి జబ్బని పత్రికకెక్కించారు. ఆ తర్వాత? మళ్లీ లెక్కపెట్టారు. నాగపూర్‌లోని నీరీ శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి నీళ్లు తేర్చే పద్ధతి కనిపెట్టి, దానికి ‘నల్గొండ టెక్నిక్’ అని పేరు పెట్టారు. ఆ పేరు ఇథియోపియా దాకా, టాంజానియా దాకా పోయింది. పేరు అంత దూరం పోయింది, నీళ్లు మాత్రం మా పల్లెలకు రావడానికి ఇంకా చాలా కాలం పట్టింది.

1996 పార్లమెంటు ఎన్నికల్లో నల్లగొండ నుంచి 480 మంది పోటీ చేశారు. జలసాధన సమితి పిలుపు. గెలవడానికి కాదు, బ్యాలెట్ పేపరును పుస్తకమంత చేసి ఢిల్లీ బల్ల మీద పడేయడానికి. గెలిచింది మా సూర్యాపేట బిడ్డ బొమ్మగాని ధర్మభిక్షం గారు. ఢిల్లీ కూడా వెంటనే స్పందించింది: అదే ఏడాది డిపాజిట్ 500 నుంచి 10,000 చేసింది. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువైంది మహాప్రభో అంటే, అభ్యర్థులు ఎక్కువయ్యారని విన్నది. అవగాహన ఎవరికి కావాలో మీరే చెప్పండి.

మిషన్ భగీరథతో నీళ్లు మారాయి, ఒప్పుకోవాలి. ఫ్లోరైడ్ పీడిత ఆవాసాలు రాష్ట్రంలో సున్నా అని 2020లో కేంద్రమే చెప్పింది. కొళాయిలో కృష్ణమ్మ వస్తోంది. కానీ పళ్లు నీళ్లలా మారవు. బోరు నీళ్లు తాగిన ఏళ్లలో చిగురించిన పళ్లు ఇంటర్‌కూ డిగ్రీకీ పెళ్లిచూపులకూ ఉద్యోగపు ఇంటర్వ్యూలకూ అవే వస్తాయి. నీటి ఫైలు మూసేశారు, నోరు మాత్రం తెరిచే ఉంది.

మధ్యాహ్నానికి శిబిరం తేల్చిందేమిటంటే అందరికీ ఒకటే చీటీ: ‘తదుపరి చికిత్సకు మా కాలేజీకి రాగలరు. ఓపీ ఉచితం.’ ఓపీ ఉచితమే. దారి ఉచితం కాదు. పిప్పిపన్నుకు నరం తీసి, శుభ్రం చేసి, నింపి, పైన క్యాప్ పెట్టాలంటే నాలుగైదు సార్లు తిరగాలి. 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. ఐదుసార్లు తిరిగితే కూలే 1,535 పోయింది, బస్సు చార్జీ వేరు. పోనీ పట్నంలో ప్రైవేటుగా చేయించుకుందామా అంటే, మొన్న నాకు క్యాప్‌తో కలిపి చెప్పింది ఆరు వేలు. అంటే 20 రోజుల మట్టిపని, ఒక్క పంటికి. అందుకే మా వాళ్లు కుర్చీలో కూర్చోగానే ‘పీకేయి సారూ’ అంటారు. దాన్ని అజ్ఞానమని రాసుకుంటారు. అది కూలి లెక్క.

దానికి ముందు మెట్లు కూడా ఉన్నాయి. లవంగం. తర్వాత జిందా తిలిస్మాత్ తడిపిన దూది. తర్వాత ఆర్‌ఎంపీ సూది. తర్వాత దౌడ వాచి కన్ను మూసుకుపోయిన రాత్రి.

ఆరోగ్యశ్రీ ఉంది కదా అంటారు. 2007 నుంచి ఉంది. గుండెకుంది, కిడ్నీకుంది. దవడ విరిగితే ఆదుకుంటుంది, నోటికి క్యాన్సరొస్తే ఆదుకుంటుంది. పిప్పిపన్ను మీద సిమెంటుకు, రూట్ కెనాల్‌కు మాత్రం కార్డు పనిచేయదు. పేదవాడికి నోటి వైద్యం ఉచితంగా దక్కాలంటే ఉన్నవి రెండే దారులు: జాతీయ రహదారి 65 మీద బైకు మీంచి పడి దవడ విరగ్గొట్టుకోవడం, లేదా ప్రతి ఏడాదీ నిషేధం పొడిగించినా ప్రతి డబ్బాలోనూ దొరికే గుట్కాను ఓపిగ్గా ఏళ్ల తరబడి నమలడం. చిన్న జబ్బుకు చిన్న మందు ఇవ్వం, పెద్ద జబ్బు తెచ్చుకుని రా, పెద్ద ఆసుపత్రికి పంపిస్తాం.

సర్కారుకు పన్ను మీద ప్రేమ లేదనలేం. తెలుగులో రెండు పన్నులూ ఒకటే మాట. 2017 జూలై నుంచి 2025 సెప్టెంబరు 22 దాకా పేస్టు మీద, బ్రష్షు మీద 18 శాతం, పళ్లపొడి మీద 12 శాతం వేశారు. ఇప్పుడు అన్నిటికీ 5. ఎనిమిదేళ్లు పన్ను తోముకున్న ప్రతిసారీ పన్ను కట్టాం. అంత కట్టినా మన నోట్లో పన్ను నిలవలేదు, వాళ్ల ఖాతాలో పన్ను నిలిచింది.

మర్నాడు బస్సు కోదాడ పోయింది. ఫ్లెక్సీ అదే, సూర్యాపేట పేరు మీద కోదాడ అని కాగితం అతికించారు. గాలికి ఒక కొస లేచి, ‘సూర్యా’ వరకు కనబడుతూ ఉండేదని అక్కడి మిత్రుడు చెప్పాడు. కోదాడ గురించి ఇంతకంటే చెప్పడానికేమీ లేదు, ఎందుకంటే స్లైడులూ అవే, సున్నాలూ అవే. మెయిన్ రోడ్డు మీద మాత్రం వరసగా బోర్డులు: స్మైల్ డిజైనింగ్, ఇంప్లాంట్స్, ఇన్విజిబుల్ బ్రేసెస్. నవ్వును డిజైన్ చేసేవాళ్లకు, పన్ను పీకేయమనే వాళ్లకు మధ్య దూరం రోడ్డు వెడల్పంత. ఆ రోడ్డు దాటించే బస్సే ఇంకా రాలేదు.

మిర్యాలగూడ కథ వేరు. అక్కడ రైసుమిల్లులో శిబిరం. హమాలీలను లైన్లో నిలబెట్టారు. నడుం మీద బస్తా, దౌడలో ఖైనీ, అది లేకపోతే బస్తా లేవదంటారు. వాళ్లకు ‘పొగాకు ప్రాణాంతకం’ కరపత్రం పంచారు. తెలుగులో. లైన్లో సగం మంది బీహారు నుంచి వచ్చినవాళ్లు. ఒకతను కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నాలుగు మడతలు పెట్టి, దాంట్లో సున్నం, పొగాకు చుట్టి జేబులో పెట్టుకున్నాడు. మొత్తం యాత్రలో ఒక కరపత్రం ఎవరికైనా అక్కరకొచ్చింది అక్కడే. మిల్లు యజమాని పక్కనే నిలబడి దండ వేయించుకున్నాడు. హమాలీకి ఒక పూట సెలవిచ్చి, కూలి కోయకుండా ఆసుపత్రికి పంపితే ఆ మెడకు దండ నిజంగానే నప్పేది.

ఇంతా చెప్పి పిల్లల్ని తిడుతున్నానని అనుకోకండి. తెల్లకోటు వేసుకున్న ఆ పిల్లలు మా పిల్లలే. నాలుగేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. రికార్డు బుక్కులో ఇన్ని పీకినవి, ఇన్ని నింపినవి ఉంటే గానీ సంతకం పడదు. శిబిరం కూడా ఒక సంతకమే. బయటికొచ్చాక సర్కారు పోస్టు కోసం ఎదురుచూసి, ఎదురుచూసి, కోదాడ మెయిన్ రోడ్డు మీద ఆ బోర్డుల పక్కన ఇంకో బోర్డు పెడతారు. అవ్వకు పళ్లు కట్టడం ఆ అమ్మాయికి చేతనవును. అదే ఆమె చదువు. చేతనైన పనిని చేయనివ్వకుండా మైకు చేతిలో పెట్టిన పెద్దల మీద నా కోపం. తనిఖీ రోజున మాత్రం కుర్చీలన్నీ రోగులతో నిండాలి కాబట్టి బస్సు రెండు ట్రిప్పులు ఎక్కువ తిరుగుతుందని విన్నాను. అంటే బస్సు తిరగలేకపోవడం లేదన్నమాట.

జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమమని 2014లోనే ఒకటి వచ్చింది. దంత వైద్యానికి 2023లో కొత్త చట్టం కూడా వచ్చింది. ప్రపంచంలో 350 కోట్ల మందికి నోటి జబ్బులున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో లెక్క చెప్పింది. అందులో మా వీధి వంతు ఎంతో నాకు కంటితో కనబడుతూనే ఉంది.

అందుకని నాదొక విన్నపం. వచ్చే మార్చి 20న శిబిరం తిరగేసి పెడదాం. అవ్వలు కాగితం పట్టుకుంటారు, పెద్దలు కుర్చీలో కూర్చుంటారు. అదే డీఎంఎఫ్‌టీ, కాకపోతే పళ్లకు బదులు పోస్టులు, కుర్చీలు. డీ: ఉండీ పనిచేయని దంత కుర్చీలెన్ని? ఎం: ఉండాల్సి ఉండీ లేని దంత వైద్యులెందరు? ఎఫ్: నింపినవెన్ని? ‘నోరు తెరవండి సారూ’ అని అవ్వ అంటుంది. తెరుస్తారో లేదో చూడాలి. మామూలుగా ఈ ప్రశ్నకు నోరు పెగలదు.

సూర్యాపేట శిబిరం చివర్లో జరిగినదొకటి మిగిలింది. అందరినీ ఫ్లెక్సీ ముందు నిలబెట్టి ఫొటో తీశారు. ముందు వరసలో పెద్దలు, వెనక తొమ్మిదో తరగతి ఆడపిల్లలు. ‘నవ్వండి!’ అన్నాడు ఫొటోగ్రాఫర్. పిల్లలందరూ నవ్వారు, చేత్తో నోరు మూసుకుని. గారపండ్లున్న ఊళ్లలో ఆడపిల్లలు నవ్వడం నేర్చుకునేదే అట్లా. ‘చేతులు తియ్యండమ్మా, ముఖాలు కనబడటం లేదు’ అన్నాడతను. ఒకరిద్దరు తీసి, మళ్లీ పెట్టుకున్నారు.

తెల్లారి పేపర్లో ఫొటో వచ్చింది. పెద్దలు పదకొండు మందీ నిండా పళ్లు కనబడేలా నవ్వుతున్నారు. వెనక వరసను కత్తిరించేశారు.